శ్రమ – నిరీక్షణ: కరువు నేల నేర్పిన రెండు మాటలు

(డిసెంబరు నెల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇది క్రిస్మస్ నెల, మీరు క్రైస్తవులు. కష్టకాలంలో మీ విశ్వాసం మీకేమి ఇచ్చిందో నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను పాస్టరును కాను, పండితుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో 34 సంవత్సరాలు ఫైళ్లు మోసి, 2006లో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైనవాణ్ణి. ఈ సభలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, క్రైస్తవులున్నారు, ఏ దేవుణ్ణీ నమ్మని మిత్రులూ ఉన్నారు. ఎవరినీ నా మతంలోకి పిలవడానికి నేను లేచి నిలబడలేదు. కష్టం అందరిదీ. కనుక కష్టం గురించి ఒక పెన్షనరు తోటి పెన్షనర్లకు చెప్పుకునే మాటలుగానే వీటిని స్వీకరించవలసిందిగా కోరుతున్నాను.

కాగితం మీది కరువు

మన అనంతపురం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరంలో కురిసి, మనదాకా వచ్చేసరికి వట్టిపోతాయి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల వాన. అదీ ఒక పద్ధతిగా పడదు. విత్తనం వేసేటప్పుడు ఊరించి, ఊడ దిగేటప్పుడు మొహం చాటేస్తుంది. దేశంలో చాలా తక్కువ వాన పడే జిల్లాలలో మనదీ ఒకటని చిన్నప్పటి నుంచి విన్నాం, మన పిల్లలకూ చెప్పాం.

ఈ జిల్లా పుట్టింది కూడా కరువు నీడలోనే. 1876–78 నాటి మహాకరువులో, అదే మన పెద్దలు ధాత కరువు అన్నది, ఈ తాలూకాలలో చాలావరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిపోయాయి. ఆ తరువాత నాలుగేళ్లకు, 1882లో, బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు.

నా ఉద్యోగంలో సగభాగం ఆ కరువును కాగితం మీదికి ఎక్కించడమే. పైరు అజమాయిషీకి వెళ్లేవాణ్ణి. అడంగల్‌లో ఏ సర్వే నంబరులో ఏ పైరు, ఎంత విస్తీర్ణం, ఎంత పోయింది అని చూసి నివేదిక పంపేవాళ్లం. ఎండిన వేరుశనగ చేలో రైతు నా పక్కన నిలబడి, చెట్టు ఒకటి పెరికి, ఊడకు ఒక్క కాయ కూడా పట్టని ఆ వేళ్లను నా మొహం ముందు పెట్టి, "ఎందుకు సార్ మాకిట్లా?" అని అడిగేవాడు. నేను తల దించుకొని నంబరు రాసుకొనేవాణ్ణి. ఆ ప్రశ్నకు అడంగల్‌లో గడి లేదు.

ఇంటికి వచ్చిన కరువు

ఆ ప్రశ్న ఒకనాడు మా ఇంటికే వచ్చింది. 2008 సంక్రాంతి వారంలో నా భార్యకు పక్షవాతం వచ్చింది. ఆమె ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు. రిటైరై ఆరు నెలలైనా కాలేదు. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట పోయింది. ముప్పై ఏళ్లు పిల్లలకు ఎక్కాలు చెప్పిన గొంతు అది. నీళ్లు కావాలన్నా ఒక్క మాట రాక, కళ్లవెంట నీళ్లు కారేవి.

మేము ప్రార్థన చేశాం. చర్చిలో అందరూ చేశారు. వైద్యం చేయించాం, ఫిజియోథెరపీ చేయించాం. కాలు కొంచెం నిలదొక్కుకుంది. చెయ్యి రాలేదు, మాట రాలేదు. ఈ సంగతి మీ ముందు దాచను. స్వస్థత దొరికిన సాక్ష్యాలు వినడానికి బాగుంటాయి. మా ఇంట్లో అది జరగలేదు.

పలకరించడానికి ఎందరో వచ్చారు. వచ్చిన అందరిదీ మంచి మనసే. కాని ఒకాయన "పూర్వజన్మ కర్మ, అనుభవించక తప్పదు" అన్నారు. మా చర్చి వారే ఒకరు "తెలియక చేసిన పాపమేదైనా ఉందేమో ఒప్పుకోండి" అన్నారు. ఇంకొకరు "విశ్వాసం చాలలేదు, ఇంకా గట్టిగా ప్రార్థించండి" అన్నారు. ఆమె మంచం మీద పడుకొని అన్నీ వింటూనే ఉంది. మాట పోయింది గాని చెవులు పోలేదు కదా! వాళ్లు వెళ్లిపోయాక ఆమె ఎడమచేత్తో దుప్పటి మొహం మీదికి లాక్కునేది.

ఒక్కాయన మాత్రం ఏమీ చెప్పలేదు. మా పక్క వీధిలోని ముస్లిం మిత్రుడు, ట్రెజరీ శాఖలో చేసి రిటైరైనవారు. రోజూ సాయంత్రం ఐదుకు వచ్చేవారు. "ఏం వదినమ్మా, ఈ పొద్దు ఏ వార్త చదవమంటావు?" అని కుర్చీ లాక్కుని పేపరు చదివేవారు. రాజకీయాలు, బంగారం ధర, క్రికెట్టు, వాన కబురు. అరగంట చదివి, పేపరు మడిచి, వెళ్లిపోయేవారు. ఆ అరగంటలో ఆమె దుప్పటి మొహం మీదికి లాక్కున్నది నేను ఎప్పుడూ చూడలేదు.

'ఎందుకు' అన్న మాటకు రెండు అర్థాలు

ఆ రోజుల్లో నేను యోబు గ్రంథం మళ్లీ మొదటి నుంచి చదివాను. 42 అధ్యాయాల పుస్తకం. ఒక మంచి మనిషి ఆస్తి, బిడ్డలు, ఆరోగ్యం అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చుంటాడు. ముగ్గురు స్నేహితులు పరామర్శకు వస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయన పక్కన నేల మీద మౌనంగా కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. తరువాత నోరు తెరిచారు. నీ తప్పు వల్లనే నీకీ గతి అని అధ్యాయాల కొద్దీ వాదించారు. చివరికి దేవుడు ఆ స్నేహితులనే మందలిస్తాడు. నన్ను గురించి మీరు సరిగా మాట్లాడలేదంటాడు. ఆశ్చర్యం ఏమిటంటే, యోబుకు కూడా ఆయన కారణం చెప్పడు. దేవుడు తనతో మాట్లాడాడు, అంతే. యోబుకు అది చాలింది.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఇంకొక సంఘటన ఉంది. పుట్టుగుడ్డి ఒకణ్ణి చూసి శిష్యులు యేసు ప్రభువును అడుగుతారు: పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా? మా ఇంటికి వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నే. ప్రభువు ఆ రెండూ కాదన్నారు. దేవుని పని వీనిలో కనబడాలని చెప్పి, పగలున్నంతలోనే పని చేయాలని చెప్పి, అక్కడికక్కడే మట్టి తడిపి వాని కళ్లకు పూసి, కోనేటికి వెళ్లి కడుక్కోమన్నారు. కారణం అడిగినవారికి ఆయన చేతికి మట్టి అంటించుకుని చూపించారు.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. మన తెలుగులో 'ఎందుకు' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఏ కారణం చేత అని. రెండవది, దేనికొరకు అని. "ఎందుకు ఏడుస్తున్నావు?" అన్నప్పుడు కారణం అడుగుతాం. "ఈ తాడు ఎందుకు?" అన్నప్పుడు ప్రయోజనం అడుగుతాం. కష్టం వచ్చినప్పుడు మనమంతా మొదటి అర్థం దగ్గరే ఆగిపోతాం. అది తప్పని నేననను. సిలువ మీద ప్రభువే తండ్రిని 'ఎందుకు' అని అడిగారు. జవాబు వచ్చినట్లు సువార్తలో లేదు. ఆయనకే చెప్పని కారణం నాకు చెప్పలేదని నేను అలగడం దేనికి? మొదటి 'ఎందుకు'కు జవాబు దొరక్కపోయినా, రెండవ 'ఎందుకు'ను పట్టుకుని మనిషి నడవవచ్చు. అలా నడిచిన మనిషి ఒకాయన మన మధ్యనే నలభై ఏళ్లు ఉన్నారు.

'శ్రమ' అన్న మాట

మీరందరూ ఎరిగినవారే, ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్. ఆర్.డి.టి. భవనాల మీద ఆయన పటం చూసినవాళ్లమే గాని, ఇక్కడికి రాకముందు ఆయన పడిన పాట్లు మనలో చాలామందికి తెలియవు.

ఆయన 1920లో స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో పుట్టారు. పదహారేళ్ల వయసులో ఆ దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. పద్దెనిమిదేళ్లకే తుపాకి చేతికిచ్చి సైన్యంలోకి పంపారు. 1938లో ఎబ్రో నది దగ్గర జరిగిన ఘోరమైన పోరాటంలో ఉన్నారు. తన పక్షం ఓడిపోయింది. ఓడిన సైన్యంతో ఫ్రాన్సు సరిహద్దు దాటి శిబిరాలలో బందీగా ఉన్నారు. తోటి కుర్రవాళ్లు చావడం కళ్లారా చూసిన ఆ యువకుడు, మనుషులకు మేలు చేయాలన్న తపనతో 1944లో జెస్విట్ గురువుల సభలో చేరారు. 1952లో బొంబాయి వచ్చారు.

మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో ఎండిన భూముల రైతులతో బావులు తవ్వించారు. అక్కడి పెద్దలు కొందరికి అది గిట్టలేదు. 1968లో దేశం విడిచి వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. వేలాది మంది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయి వైపు కాలినడకన బయలుదేరారు. ఇందిరా గాంధీ గారు కల్పించుకోవడంతో, కొంతకాలం బయట ఉండి మళ్లీ రావడానికి వీలైంది. 1969లో తిరిగి వచ్చారు. కాని పాత చోటికి కాదు. ఎవరూ కోరి రాని చోటికి, మన అనంతపురానికి. ఆ తరువాత జెస్విట్ సభను విడిచి, ఇంగ్లండు నుంచి వచ్చిన అన్నె గారిని 1970లో వివాహమాడారు. యుద్ధం, ఓటమి, నిర్బంధం, బహిష్కరణ, పాతికేళ్లు తన ఇల్లనుకున్న సభను వదిలిరావడం. యాభై ఏళ్ల వయసులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన మనిషి ఆయన. మనం యాభై ఎనిమిదికే 'ఇక మన పని అయిపోయింది' అనుకున్నాం!

ఆ తరువాతి కథ మన కళ్ల ముందరిదే. బావులు, చెక్ డ్యాములు, దళితవాడలలో బడులు, ఇంటి ఆడవారి పేరిట పక్కా ఇళ్లు, చెవిటి, మూగ, అంధ పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు, కళ్యాణదుర్గం, బత్తలపల్లి, కణేకల్లులలో ఆసుపత్రులు. ఎయిడ్స్ రోగిని ఇంటివారే ముట్టుకోవడానికి భయపడిన కాలంలో బత్తలపల్లి ఆసుపత్రి తలుపు తెరిచి ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే ఆసుపత్రి కరోనా ఆసుపత్రి అయింది. 1998లో స్పెయిన్ దేశం ఆయనకు ప్రిన్స్ ఆఫ్ అస్టూరియాస్ పురస్కారమిచ్చి గౌరవించింది.

ఆయన జీవితమంతా చెబుతూ వచ్చిన మాటల సారం ఒకటుంది. పేదరికం, బాధ అనేవి కూర్చుని అర్థం చేసుకోవలసినవి కావు, లేచి తొలగించవలసినవి అని. యోహాను సువార్తలో చేతికి మట్టి అంటించుకున్న ప్రభువు మార్గం అదే కదా.

ఇక్కడ మన తెలుగు బైబిలులోని ఒక మాట చెప్పాలి. బాధకు, హింసకు, కష్టానికి మన అనువాదకులు వాడిన మాట 'శ్రమ'. క్రీస్తు పడిన బాధలను 'క్రీస్తు శ్రమలు' అంటాం. గుడ్ ఫ్రైడే ముందరి నలభై రోజులను 'శ్రమకాలం' అంటాం. బయట లోకంలో శ్రమ అంటే ఏమిటి? పని. చెమటోడ్చి చేసే పని. శ్రమజీవి అంటే బాధపడేవాడు కాదు, కష్టించి పనిచేసేవాడు. చిన్నప్పుడు ఈ రెండూ వేరువేరు మాటలనుకునేవాణ్ణి. ఇప్పుడు ఒకే మాటగా కనబడుతున్నది. మన మీదికి వచ్చిపడిన శ్రమను, అంటే బాధను, ఇంకొకరికి పనికివచ్చే శ్రమగా, అంటే పనిగా మార్చుకోవచ్చు. పౌలు కొరింథీయులకు రాస్తూ చెప్పినది కూడా ఇదే. కష్టంలో మనకు దొరికిన ఆదరణ మన దగ్గర దాచుకోవడానికి కాదు, కష్టంలో ఉన్న మరొకరిని ఆదరించడానికి అని.

పండిత రమాబాయి గారి ఉదాహరణ ఇంకొకటి చెబుతాను. ఆమె 1858లో పుట్టిన మరాఠీ బ్రాహ్మణ స్త్రీ. 1870లలో దక్షిణాదిన కరువు పట్టినప్పుడు ఆ కుటుంబం తిండి లేక ఊరూరా తిరిగి, మన రాయలసీమలోనే తిరుపతి కొండల అడవి దాకా వచ్చింది. ఆ కరువు రోజుల్లో ఆమె తండ్రి, తల్లి, అక్క ఒకరి తరువాత ఒకరు కన్నుమూశారు. తరువాత పెళ్లయిన రెండేళ్లలోపే 1882లో భర్త కలరాతో పోయారు. చేతిలో పసిబిడ్డ. 1883లో ఇంగ్లండులో క్రైస్తవ మతం స్వీకరించారు. 1896–97లో మధ్య పరగణాలలో కరువు వచ్చినప్పుడు ఆమె ఇంట్లో కూర్చోలేదు. ఆకలికి ఎముకల గూళ్లయిన ఆడపిల్లలను, వితంతువులను వందల సంఖ్యలో వెతికి తెచ్చి, పూనా దగ్గర కేడ్‌గాఁవ్‌లో ముక్తి సదనంలో అన్నం పెట్టి, చదువు, చేతిపని నేర్పారు. ఆకలి అంటే ఏమిటో ఆమె పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. తన వాళ్లను మింగిన కరువును ఆమె మరచిపోలేదు, దానికి కారణమూ చెప్పలేదు. అదే కరువు నోట్లో నుంచి ఇతరుల బిడ్డలను లాగి తెచ్చారు.

పలక

2009 జూన్‌లో ఫాదర్ ఫెర్రర్ గారు కాలం చేశారు. ట్రెజరీ మిత్రుణ్ణి మా ఇంట్లో ఆమె దగ్గర కూర్చోబెట్టి, నేను బత్తలపల్లికి వెళ్లాను. ఎంత జనం! కట్టెపుల్లల్లాంటి చేతుల ముసలివాళ్లు, చంకన బిడ్డలున్న తల్లులు, బొట్టు పెట్టుకున్నవారు, టోపీ పెట్టుకున్నవారు, సిలువ వేసుకున్నవారు. ఆ వరుసలో నాకు ముందున్న ఒక ముసలమ్మ ఏడవడం లేదు. "మాకు ఇల్లుంది, నా మనవరాలు చదువుకుంటాంది" అని పక్కనామెకు చెబుతున్నది. శవయాత్రలో అలాంటి మాట నేను వినలేదు.

బస్సులో తిరిగి వస్తూ నన్ను నేను అడిగాను: ఒకటిన్నర సంవత్సరంగా 'ఏ కారణం చేత' అని దేవుణ్ణి సతాయిస్తున్నావు. 'దేనికొరకు' అని ఒక్కసారైనా అడిగావా?

గొప్ప పని ఏదో తట్టిందని చెప్పను. మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే ఆమెకు నాలుగో తరగతి చదివే కూతురుండేది. తల్లి పని చేసుకుంటుంటే పిల్ల వరండాలో కూర్చుని లెక్కలు చేసేది, తప్పు చేసేది. ఒకరోజు ఆ పిల్ల పలకను నేనే తీసుకెళ్లి నా భార్య ఒడిలో పెట్టాను. ఆమె నావైపు చాలాసేపు చూసింది. తరువాత ఎడమచేత్తో బలపం పట్టుకుంది. మొదటి రోజు రాసిన ఏడు అంకె ఎటు తిరిగిందో నాకే తెలియలేదు. పిల్ల నవ్వింది. ఆమె కూడా నవ్వింది. పక్షవాతం వచ్చాక ఆ నవ్వు చూడడం అదే మొదటిసారి.

ఆ తరువాత రోజూ సాయంత్రం పాఠమే. మాట లేదు కనుక, తప్పు చేస్తే పలక మీద వేలితో రెండుసార్లు కొట్టేది, ఒప్పయితే ఒకసారి. వీధిలోని ఇంకో ఐదారుగురు పిల్లలు వచ్చి చేరారు. తీసివేత లెక్కలో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం వాళ్లకు కొరుకుడు పడేది కాదు. ఆమె చింతగింజలు పోసి ఎడమచేత్తో జరిపి చూపేది. "టీచరమ్మా" అని పిలిచేవాళ్లు. మంచం మీద రోగిగా ఉన్న మనిషి సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా మళ్లీ టీచరయ్యేది. మా మిత్రుడు పేపరు చదవడం ఆరున్నర తరువాతికి మార్చుకున్నారు.

ఐదేళ్లు అలా సాగింది. 2014లో ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. చెయ్యి రాలేదు, మాట రాలేదు. ఆ పలక మా ఇంట్లోనే ఉంది.

'నిరీక్షణ' అన్న మాట

ఇక రెండవ మాట నిరీక్షణ. మన వ్యవహారంలో నిరీక్షణ అంటే ఎదురుచూపు. తెలుగు బైబిలులో ఆశకు వాడిన మాట ఇదే. రోమా సంఘానికి రాసిన పత్రికలో పౌలు ఒక వరుస చెబుతాడు. శ్రమలో నుంచి ఓర్పు, ఓర్పులో నుంచి పరీక్షకు నిలిచే గుణం, అందులో నుంచి నిరీక్షణ పుడతాయని. వరుసలో మొదటిది శ్రమ, చివరిది నిరీక్షణ. ఒక చోట కూర్చుంటే రెండవది దానంతటది రాదు.

ఎదురుచూపు అంటే ఏమిటో ఈ జిల్లా రైతుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మృగశిర కార్తె దాటి ఆరుద్ర వచ్చినా మబ్బు కనబడకపోతే అరుగు మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తాడు. కాని ఒక సంగతి గమనించండి. అలా చూస్తున్న రైతు చేను అప్పటికే దున్ని ఉంటుంది. గుంటక తోలి ఉంటుంది. విత్తనపు కాయలు ఒలిచి ఉంటాయి. దున్నని చేనులో వాన పడితే ఏం లాభం? నిరీక్షణ అంటే చేతులు ముడుచుకుని చూడడం కాదు, చేను దున్నుకుని చూడడం. ఫాదర్ ఫెర్రర్ గారు అనంతపురంలో మొదట దిగిన ఇంటి గోడ మీద, అద్భుతం కోసం ఎదురుచూడమనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం ఒకటి ఉండేదని చెబుతారు. ఆయన ఎదురుచూశారు. కాని బావులు తవ్వుతూ ఎదురుచూశారు.

పాత నిబంధనలో హబక్కూకు అని ఒక ప్రవక్త ఉన్నాడు. ఆయన పుస్తకం చిన్నది, మూడే అధ్యాయాలు. ముగింపులో ఒక జాబితా రాశాడు. తోటలలో కాపు లేదు, చేలలో పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, కొట్టంలో పశువులు లేవు. మొదటిసారి శ్రద్ధగా చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఇది అచ్చం మా శాఖ కరువు నివేదిక! అన్ని గడులూ సున్నాలే. మేమైతే ఆ నివేదిక కింద 'సహాయం మంజూరు చేయ ప్రార్థన' అని రాసి సంతకం పెట్టేవాళ్లం. ఆ ప్రవక్త ఆ సున్నాల కింద, అయినా నా దేవునియందు నేను సంతోషిస్తాను అనే భావం రాశాడు. పంట వచ్చింది కనుక కాదు. పంట రాని సంవత్సరంలో కూడా తన పక్కన నిలిచినవాడు ఒకడున్నాడు కనుక.

మా ఇంట్లో ఆ ఆరేళ్లలో నేను తెలుసుకున్నది కూడా అంతే. మేమడిగిన వాన పడలేదు. కాని మేము ఒంటరిగా లేము. నా దేవుడు మా ఇంటికి సాయంత్రం ఐదు గంటలకు పేపరు పట్టుకుని ఒక ముస్లిం మిత్రుని రూపంలో వచ్చాడని నేను నమ్ముతాను. ఆయనతో ఈ మాట అంటే "అల్లా సబర్ ఇచ్చాడులే అన్నా" అంటారు. పేరు ఏదైతేనేం, కుర్చీ లాక్కుని కూర్చున్నది నిజం.

ఒక జాగ్రత్త చెప్పకపోతే నా మాట తప్పుదారి పట్టవచ్చు. కష్టం మంచిదని నేను చెప్పడం లేదు. తొలగించగలిగిన కష్టాన్ని తొలగించాలి. రక్తపోటు మాత్రలు వేసుకోకుండా దేవుని మీద భారం వేయడం విశ్వాసం కాదు. నా భార్య విషయంలో మేము ఆ నిర్లక్ష్యం కొంత చేశాం. దయచేసి మీరు చేయవద్దు. అప్పుల్లో మునిగిన రైతుకు ఓర్పు గురించి ఉపన్యాసమివ్వడం కూడా తప్పే. అతనికి కావలసినది నీరు, గిట్టుబాటు ధర, పక్కన నిలిచే మనిషి. ఏమి చేసినా తొలగని కష్టం మిగిలినప్పుడు మాత్రం, దాన్ని వృథాగా పోనివ్వవద్దని నేను చెప్పేది.

మన సంఘం చేయగల పని

ఆమె పోయాక ఇల్లు ఖాళీ అయింది. సాయంత్రం ఐదయితే వరండాలోకి వెళ్లబుద్ధి కాలేదు. ఆ నెలలోనే ఒక పని మీద సబ్ ట్రెజరీకి వెళితే, మన శాఖలోనే అటెండరుగా చేసి పోయినాయన భార్య ఒకామె గోడవారగా కూర్చుని ఉంది. భర్త పోయి ఎనిమిది నెలలయింది. కుటుంబ పింఛను వస్తుందని తెలుసు గాని ఏ కాగితం ఎక్కడివ్వాలో తెలియదు. పి.పి.ఓ. నంబరు ఏదో తెలియదు. నేను ఆమె పక్కన నేల మీదనే కూర్చుని దరఖాస్తు నింపాను. మరణ ధృవీకరణ పత్రం, బ్యాంకు పాస్ పుస్తకం, జంట ఫోటో అన్నీ సరిచూసి ఇప్పించాను. మూడు నెలలకు పింఛను వచ్చింది. అప్పటి నుంచి ప్రతి మంగళవారం ఉదయం అక్కడికి వెళ్లి కూర్చుంటున్నాను. ముప్పై నాలుగేళ్లు కాగితాలతో చేసిన కుస్తీ 'ఎందుకు' అని ఎవరైనా అడిగితే, ఇప్పుడు నా దగ్గర జవాబుంది. ఆ గోడవారగా కూర్చున్న ఆడవాళ్ల కొరకు.

మిత్రులారా! మన సభ్యులలో మంచం పట్టినవారు ఎందరో ఉన్నారు. తోడు పోయి ఒంటరిగా ఉన్నవారున్నారు. పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో. పగలంతా టీవీ మోగుతుంటుంది, మాట్లాడే మనిషి ఉండడు. కార్యవర్గం వారికి నా విన్నపం ఇది. వీధుల వారీగా మంచం పట్టిన సభ్యుల జాబితా ఒకటి తయారుచేద్దాం. ఆరోగ్యంగా తిరుగుతున్న ప్రతి సభ్యుడూ ఒకరి ఇంటికి వారానికి రెండు రోజులు అరగంట వెళ్లాలి. ఉపదేశాలు వద్దు. కర్మ, పాపం, విశ్వాసం లెక్కలు వద్దు. ఒక పేపరు పట్టుకుని వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుంటే చాలు. వీలైతే ఆ మంచంలో ఉన్నవారి చేతికి కూడా వారు చేయగలిగిన చిన్న పని ఒకటి ఇవ్వండి. మనిషికి అన్నం ఎంత అవసరమో, తాను ఇంకొకరికి పనికివస్తున్నానన్న తృప్తి అంత అవసరం.

అలాగే కన్నుమూసిన సభ్యుని ఇంటికి, పదకొండో రోజో నలభయ్యో రోజో గడిచాక, కుటుంబ పింఛను దరఖాస్తు పట్టుకుని సంఘం తరఫున ఒకరు వెళ్లే ఏర్పాటు చేద్దాం. వాళ్లు మన దగ్గరికి వచ్చేదాకా ఆగవద్దు. మంగళవారం పని నేను చూసుకుంటాను. మిగిలిన వారాలకు పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. పేర్లు రాసుకోవడానికి కాగితం, పెన్ను తెచ్చాను. పాత అలవాటు!

క్రిస్మస్ అంటే, దేవుడు కష్టాన్ని పైనుంచి చూసి వివరణ పంపకుండా, తానే పశువుల పాకలోకి దిగివచ్చి మన పక్కన కూర్చున్నాడన్న నమ్మకం. నా విశ్వాసం నాకిచ్చినది ఆ తోడు. ఆ తోడును ఇంకొకరికి అందించడమే నాకు మిగిలిన పని.

రాబోయే సంవత్సరం మీకూ, మీ కుటుంబాలకూ ఆరోగ్యం, మన నేలకు సకాలంలో వానలు కలగాలని దేవుని ప్రార్థిస్తున్నాను.